చిన్న లివరుకు కట్టిన ముడుపు

నెల కింద రేణిగుంట రోడ్డులో, మా అమ్మాయి జీపును రిపేరుకిచ్చిన షెడ్డులోకి అడుగు పెట్టీ పెట్టకముందే ఒక వాసన వచ్చి ముక్కును పట్టుకుంది. మాడిన వెల్లుల్లి, తుప్పు, టపాకాయలు కాల్చిన చేతికి అంటుకునే గంధకం, ఈ మూడూ కలిపి నూరినట్టుండే ఆ వాసన బండి ఇరుసులో ఏళ్ల తరబడి నానిన గేరు ఆయిలుది. పక్కనున్నవాళ్లు కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుంటుంటే నేను మాత్రం నిలబడి రెండుసార్లు గట్టిగా పీల్చాను. బడిలో లెక్కలు చెప్పే పెద్దమనిషి ఇలా చేయడమేమిటని కాబోలు, మా అమ్మాయి సిగ్గుపడి "అమ్మా, బయట కూర్చోరాదా" అంది.

మా అమ్మాయికి ఆదివారమొస్తే కొండలెక్కే పిచ్చి. నలుగురు స్నేహితులు, నాలుగు జీపులు, బురదా బండలూ ఎక్కడుంటే అక్కడికి. ఈమధ్యే బండికి మోకాలు దాటిన ఎత్తు టైర్లు వేయించింది. అవి వేసినప్పటి నుంచీ బండి ఎగువకు ఆయాసపడుతోందట. టైరు పెద్దదైతే లోపల ఇరుసుల్లో పళ్లచక్రాలు కూడా మార్చాలని మెకానిక్కు చెప్పాడు. "వెనక సెట్టు వచ్చేసింది మేడం, ముందుది రెండు వారాలు పడుతుంది, అందాకా వెనకది బిగించేస్తాను, ఫోర్‌వీలు మాత్రం వాడకండి" అన్నాడు. మా అమ్మాయి సరేననడానికి నోరు తెరిచింది. నేను "వద్దు, రెండూ వచ్చాకే విప్పండి" అన్నాను. అవసరమైనదానికన్నా గట్టిగా అన్నానని అందరూ నా వైపు తిరిగాక తెలిసింది. "మేడంకి బండ్ల గురించి బాగా తెలుసే" అని నవ్వాడతను. బండ్ల గురించి నాకు తెలిసింది ఒక్కటే సంగతి, అది పదేళ్ల వయసులో తెలిసింది.

మాది భాకరాపేట. అక్కడి నుంచి పడమటి కొండల్లోకి ఒక దారి పోయేది. దారి అనడం మర్యాద కోసం. ఎద్దులు దిగిన చాళ్లూ, వానకు కొట్టుకొచ్చిన గుండ్లూ, మధ్యలో ఒక వంకా, వంక దాటాక ఒంటిరాతి మలుపూ, దాని పైన నాలుగు కిలోమీటర్లకు ఎగవకోన అనే నలభై ఇళ్ల పల్లె. ఆ దారిన పోయే నాలుగు చక్రాల బండి ఒకే ఒక్కటి, మా నాయన జీపు. నాయన పేరు మునస్వామే గాని జీపు మునస్వామి అంటే తప్ప ఎవరికీ తెలిసేవాడు కాదు. పొద్దున లేస్తూనే భుజం మీది తుండుగుడ్డతో ముందు బండి ముఖం తుడిచి, ఆ తర్వాతే తన ముఖం కడుక్కునేవాడు. ఆ వరస తప్పితే ఆ రోజు టైరు పంచరవుతుందని ఆయన నమ్మకం.

ఆ జీపులో పైకి ఉప్పు, కిరసనాయిలు, చవక బియ్యం పోయేవి. కిందికి మాత్రం కాలాన్నిబట్టి కొండ దిగివచ్చేది. కార్తీకం పోయి చలి ముదిరితే అనపకాయల మూటలు దిగేవి; వాకిట్లో ఎండకు కూర్చుని ఆ గింజలు నానబెట్టి పొట్టు పితికి, పితికినపప్పు కూర చేస్తే రాగిసంగటి ముద్దలు ఎన్ని దిగాయో లెక్కుండేది కాదు. మాఘంలో చింతపండు, చీపురు గడ్డి. ఎండలు ముదిరితే బెంగుళూర మామిడికాయలు, వాటి సొన వాసన, జీపు వెనక కూర్చుని ఉప్పూ కారం అద్దుకుని తింటే పెదాల చివర్లు పగిలి మండే ఆ మంట. వీటన్నిటితో పాటు ప్రతి రోజూ, ఏ కాలమైనా, పదకొండు మంది బడిపిల్లలు దిగేవారు. ఆ పదకొండు మందిలో నా తరగతి పిల్ల ఒకతే, సుగుణ.

సుగుణ ఎప్పుడూ ముందు సీటులో, గేరు రాడ్డుకు ఆనుకుని కూర్చునేది. వాళ్ల నాయన మామిడితోపుల్లో కాయలు కోసే మనిషి. నూనె కారే రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, జేబులో నాకోసం దాచిన బలుసుపండ్లు. మేమిద్దరం నేస్తాలం, పోటీదారులం కూడా, కానీ పోటీ అనేది నా వైపు నుంచే ఉండేది. ఆ పిల్లకు లెక్కలు ఎందుకు వస్తున్నాయో ఆ పిల్లకే తెలియనంత సులువుగా వచ్చేవి. సారు బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేలోగా జవాబు చెప్పేసి, చెప్పినందుకు తానే నాలుక కరుచుకునేది. నేను పలక నిండా గీసి, తుడిచి, చివరికి ఆ జవాబుకే చేరేదాన్ని.

ఆ ఏడు మా అయిదో తరగతి సారు మా ఇద్దరి చేతా గురుకుల బడి ప్రవేశ పరీక్షకు అర్జీ పెట్టించాడు. అయిదు చదివిన పిల్లలకు ఒకే ఒక్కసారి దొరికే అవకాశం అది. సీటొస్తే పది దాకా తిండీ బట్టా చదువూ వాళ్లే చూసుకుంటారు. పరీక్ష చంద్రగిరిలో, వేసవి సెలవుల్లో ఒక ఆదివారం, పది గంటలకు. "ఈ ఇద్దుర్లో ఒగరికి రాకపోతే నేను చాక్‌పీసు ఇడిసిపెడతా" అని సారు మా నాయనతో అన్నాడు. ఆ ఒక్కరు ఎవరో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు గదా, మా నాయనకైతే మూడోది కూడా ఉంది, టైర్లు మార్చి చూడు. వంకలోని గుండ్లు జీపు కడుపుకు, అంటే ఇరుసు మధ్యలో ఉండే లావుపాటి గుండ్రటి ఇనప డబ్బాకు తగిలి తగిలి అది సొట్టలు పడిపోయింది. బండి ఎత్తు పెరిగితే ఆ బాధ ఉండదని ఎవరో చెప్పారు. ఆ శివరాత్రి దాటాక నాయన పాతసామాన్ల అంగట్లో ఏదో మిలిటరీ బండికి వాడిన నాలుగు పెద్ద టైర్లు సంపాదించి తెచ్చాడు. వాటిని బిగించిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. పాత టైర్లు మాకు ఆటకు మిగిలాయి. ఒకరు లోపల చుట్ట చుట్టుకుని కూర్చుంటే మిగతావాళ్లు దొర్లించుకుంటూ పోవడం, బయటికొచ్చినవాళ్లు తూలుకుంటూ పడిపోవడం, అదొక పెద్ద వేడుక.

నవ్వులు వారం కూడా నిలవలేదు. జీపు వంకను దర్జాగా దాటింది గానీ ఒంటిరాతి మలుపు దగ్గర మూలిగి మూలిగి ఆగిపోయింది. మొదటి గేరులో కూడా లాగలేకపోయింది. ఎక్కినవాళ్లంతా దిగి, చక్రాల వెనక రాళ్లు పెట్టి, తోసుకుంటూ ఎక్కించాల్సి వచ్చింది. "జీపుకు కాళ్లు పెరిగినాయి గానీ రొమ్ములో బలం పెరగలే, మునస్వామీ" అని ఎగవకోన ముసలాయన ఒకడు అన్నమాట ఊరంతా పాకింది. నాయన నవ్వేవాడే గానీ, ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చునేవాడు. మామిడికాయల కాలం మొదలవుతోంది, బండి చూస్తే సగం బరువుకే చేతులెత్తేస్తోంది.

అప్పుడొచ్చాడు దేవదానం మేస్త్రి. పీలేరు వైపు మనిషి, బక్కగా, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషిని కాక బండిని చూసేవాడు. మా వాకిట్లో వేపచెట్టు కింద జీపును రాళ్ల మీదికి లేపి, వెనక ఇరుసు డబ్బా మూత విప్పాడు. నల్లటి గేరు ఆయిలు పాత బొక్కెనలోకి జారింది, ఆ వాసన మా అన్నంలోకీ నీళ్లలోకీ కూడా చేరి మూడు రోజులు పోలేదు. లోపలి నుంచి పళ్లెమంత పెద్ద పళ్లచక్రం ఒకటి, దాన్ని తిప్పే పిడికెడు చిన్నది ఒకటి బయటికి తీశాడు. నన్ను కూర్చోబెట్టి అవ్వ తమలపాకుల పెట్టెలోని సున్నంతో ఒక పంటి మీద చుక్క పెట్టి లెక్కపెట్టమన్నాడు. పెద్దదానికి ముప్పైతొమ్మిది పళ్లు. ఆయన తెచ్చిన కొత్తదానికి నలభైమూడు. చిన్నవాటికి రెండింటికీ ఎనిమిదే.

"టైరు పెద్దదైతే ఒగ సుట్టుకు జాస్తి దూరం పోతాది పాపా, అంత బరువు ఇంజను మొయ్యలేదు," అన్నాడు. "ఈ నలభైమూడు పళ్లది ఏస్తే, టైరు ఒగ సుట్టు తిరిగేలోగా ఇంజను ఇంకా కొన్ని సుట్లు తిరగతాది. నిదానంగా పోతాది, అయితే లాగతాది."

కొత్త పళ్లు ఒకదానితో ఒకటి సరిగ్గా ఎక్కడ రాసుకుంటున్నాయో చూడడానికి ఆయనకు ఎర్రరంగు కావలసి వచ్చింది. పెట్టెలో రంగు అయిపోయింది. కొంచెం కుంకుమ ఇవ్వమని మా అవ్వను అడిగాడు. అవ్వ, అంటే నాయన తల్లి, వాకిట్లో కూర్చుని అడకత్తెరతో వక్కలు కొరుకుతూ ఇదంతా ముఖం చిట్లించుకుని చూస్తున్న మనిషి, ఆ మాట వినగానే వెలిగిపోయింది. గబగబా పోయి గంగమ్మ పటం ముందరి కుంకుమ భరిణె తెచ్చి ఇచ్చింది. మేస్త్రి దాన్ని ఆయిలులో కలిపి పళ్లకు పూశాడు, తిప్పాడు, కుంకుమ చెరిగిన చోటు చూశాడు, పలచని రేకులు అడ్డం పెట్టి మళ్లీ తిప్పాడు. "సిలవ మనిషైనా పద్ధతి తెల్సినోడు, గంగమ్మకు పూజ సేసినాకనే మూత ఏస్తాండాడు సూడు" అని అవ్వ ఇరుగింటావిడతో చెప్పింది. అది పూజ కాదని ఎవరూ చెప్పలేదు, నవ్వుకుని ఊరుకున్నాం. ఆ నవ్వు ఎంత ఖరీదైందో తర్వాత తెలిసింది.

ముందు ఇరుసుకు సెట్టు దొరకలేదు. గుడియాత్తంలో ఒకాయన దగ్గర ఉందని, తెప్పించడానికి రెండు మూడు వారాలు పడుతుందని మేస్త్రి అన్నాడు. అందాకా ఆగితే కాయలు పండిపోతాయి. నాయన వెనకది మాత్రం బిగించేయమన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు, నాయన బతిమాలాడు, చివరికి మేస్త్రి జీపులో పెద్ద గేరు రాడ్డు పక్కనుండే చిన్న లివరు మీద చెయ్యేసి చెప్పాడు.

"అన్నా, ఇది లాగితే నాలుగు సక్రాలకూ ఒకటేతూరి బలం పోతాది. ముందర ముప్పైతొమ్మిది, వెనక నలభైమూడు. ముందరివి బిన్నా తిరగాలంటాయి, వెనకవి నిదానంగా తిరగాలంటాయి. ఇసకలో అయితే జారి సరిపెట్టుకుంటాయి. బండమీద జారలేవు. ఏదో ఒగటి ఇరగతాది. సెట్టు వచ్చేదాకా దీన్ని ఎవురూ ముట్టుకోగూడదు."

నాయన తాడు తెచ్చి లివరును కట్టబోయాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "ఉత్త తాడు కడితే, మూట కట్టుకోవాలని ఎవుడో ఒగడు ఇప్పుకొని పోతాడు. పసుపు గుడ్డ కట్టు. ముడుపు మాదిరి. దాన్ని ఎవురూ ముట్టుకోరు."

నిజమే. మా వైపు ఒక పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి దేనికైనా ముడేస్తే, అది దేవుడికి చెప్పుకున్న మొక్కు. ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా దాని జోలికి పోడు. నాయన తన పాత తుండుగుడ్డ చింపి, పసుపులో ముంచి, బిళ్ల పెట్టి, లివరుకు మూడు ముళ్లు బిగించాడు. అది చూసింది మేస్త్రీ, నాయనా, నేనూ. నాయన నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "ఇది ముడుపు కాదని ఎవురికీ చెప్పొద్దు మ్మే. చెప్తే ఇప్పేస్తారు." నేను గర్వంగా తలూపాను. పెద్దవాళ్ల రహస్యం నా దగ్గర ఉండడం అదే మొదటిసారి.

ఆ మర్నాడే జీపు నిండు బరువుతో ఒంటిరాతి మలుపు ఎక్కింది. ఎవరూ దిగలేదు, ఎవరూ తోయలేదు. సుగుణ ముందు సీట్లో కూర్చుని చప్పట్లు కొట్టింది. అవ్వకు ఆ వార్త తెలిసి గంగమ్మ పటానికి దండం పెట్టుకుంది. కొడుకు కట్టిన ముడుపు ఫలించింది మరి.

మూడు వారాలు పండగలా గడిచాయి. గంగమ్మ జాతర దగ్గరపడింది. మా పిల్లలకు జాతరంటే వేషాలు. ఒకరోజు ఒళ్లంతా బొగ్గు, ఒకరోజు కుంకుమ, చేతిలో వేపమండలు, ఎవరిని ఏమన్నా తిట్టుకోవచ్చుననే ఏడాదికొక్కసారి దొరికే స్వేచ్ఛ, ఇంటింటా పోసే పుల్లటి అంబలి. అవ్వ నిప్పట్లు అనే కారపు చెక్కలు చేయడానికి శెనక్కాయలు వేయించి పొట్టు చెరిగి పెట్టుకుంది. పరీక్ష ఆదివారం, జాతర చాటింపు ఆ వెంటనే మంగళవారం. శనివారం సాయంత్రం ట్రిప్పులో సుగుణను కిందికి తెచ్చి మా ఇంట్లో పడుకోబెట్టాలని అనుకున్నాం.

శుక్రవారం కబురొచ్చింది, గుడియాత్తంలో ముందు ఇరుసు సెట్టు దొరికిందని, రేపే వచ్చి తీసుకుపోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారని. నాయన శనివారం తొలి బస్సుకు బయలుదేరాడు. నగరిలో మరమగ్గాల పనిలో ఉన్న మా చిన్నాయన జాతరకని ఆ సాయంత్రానికి రానున్నాడు; అతనికీ జీపు నడపడం వచ్చు. "తమ్ముడొస్తే ఆదివారం తెల్లారినాక పైకి పోయి ఆ బిడ్డను తెమ్మను, ఏడు గంటల బస్సు అందుతాది" అని అవ్వకు చెప్పి పోయాడు. లివరు గురించి చెప్పలేదు. పసుపు గుడ్డ ఉంది గదా అనుకున్నాడు.

శనివారం ఎండ తగ్గే వేళ అవ్వ నన్ను పిలిచింది.

"జీపులో మీ నాయన కట్టిన ముడుపు ఇప్పుకోనిరా మ్మే. మొక్కు తీరిపోయె గదా. తీరిన మొక్కు కట్టే ఉండగా సాటింపు పడగూడదు, అమ్మోరు మాట అంటాది."

నేను కదల్లేదు. నాయన రానీ అవ్వా అన్నాను. అవ్వ అడకత్తెర ఆపి చూసింది. "మీ నాయన కట్టినాడు, నేను ఇప్పిస్తాండా. నాకు తెలీదా మొక్కు సంగతి?" అంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ రోజు నేను అదే. చెప్తే నాయన మాట తప్పినట్టు. చెప్పకపోతే అవ్వ మాట తీసేసినట్టు. మా ఇంట్లో అవ్వ మాటను నాయనే తీసేసేవాడు కాదు, నేనెంత? పోయి జీపెక్కి, ఆ మూడు ముళ్లూ ఒకటొకటిగా విప్పాను. నాయన గట్టిగా బిగించాడేమో, చివరి ముడికి పళ్లు వాడాల్సి వచ్చింది. పసుపు చేదూ, గేరు ఆయిలు వాసనా నాలుక మీద కలిశాయి. బిళ్ల అవ్వకిచ్చాను, గుడ్డ నా పెన్నుల డబ్బాలో పెట్టుకున్నాను. లివరుకు వేరే తాడైనా కడదామనుకున్నాను. అప్పుడే చిన్నాయన నిప్పట్ల వాసన పట్టుకుని "ఏం మ్మే కలెక్టరమ్మా" అంటూ వాకిట్లోకి వచ్చాడు, నేను అటు పరుగెత్తాను.

ఆ రోజు సాయంత్రం ఎండాకాలపు వాన ఒకటి కొట్టి వెలిసింది. ఆదివారం తెల్లవారాక చిన్నాయన జీపు తీస్తుంటే నేనూ ఎక్కాను, సుగుణ పక్కన కూర్చుని దిగుతూ ఎక్కాలు ఒకసారి చెప్పుకోవచ్చని. వంకలో ఇసుక నాని గుల్లగా ఉంది. నడిమధ్యలో వెనక చక్రాలు కూరుకుపోయాయి. చిన్నాయన చెయ్యి అలవాటుగా చిన్న లివరు మీదికి పోయింది. ఆ వంకలో జీపు కూరుకుపోతే దాన్ని లాగడమే పద్ధతి గదా.

నేను నోరు తెరిచాను. ఇప్పటికీ నాకు ఆ తెరిచిన నోరు గుర్తుంది, అందులో నుంచి మాట రాలేదన్నదీ గుర్తుంది. ఎవురికీ చెప్పొద్దు మ్మే అన్న నాయన గొంతు అడ్డం నిలబడింది. జీపు ఇసుకలో నుంచి ఎంత సులువుగా లేచి బయటపడిందంటే, మేస్త్రి చెప్పింది తప్పేమో, ఏమీ కాదేమో అనిపించింది. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. అది నూరు గజాలు కూడా నిలవలేదు.

వంక దాటగానే మొదలయ్యేది నున్నటి బండ. దాని మీదికి ఎక్కగానే జీపు ఎగిరెగిరి పడడం మొదలుపెట్టింది. చిన్నాయన ఆపి లివరును వెనక్కి తోశాడు. అది రాలేదు. సీటుకు వీపు ఆనించి రెండు కాళ్లతో తన్నాడు, రాలేదు. "ఏమైందిరా దీనికి" అన్నాడు, నన్ను కాదు, జీపును. అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను, ముప్పైతొమ్మిదీ నలభైమూడూ గుడ్డా అవ్వా అన్నీ కలిపి ఏడుస్తూ. ఆయనకు సగమే అర్థమైంది. "మలుపు ఎక్కించేస్తే పైన మట్టి ఉండాది, ఆడ ఊడతాది" అని మళ్లీ గేరు వేశాడు. ఒంటిరాతి మలుపు సగంలో కింద నుంచి కొబ్బరికాయ పగిలినట్టు ఒక్క చప్పుడు వచ్చింది. జీపు అడ్డంగా ఆగిపోయింది. బండ మీద నల్లటి ఆయిలు సన్నగా పారింది, ఆ వాసన వచ్చింది.

పైనుంచి పాలాయన మోపెడ్ మీద దిగి వస్తున్నాడు, అటూ ఇటూ క్యాన్లు. మధ్యలో ఒక పిల్ల పడుతుంది. "నువ్వు పో. నువ్వన్నా పో. నేను ఆ బిడ్డను తెస్తా" అని చిన్నాయన నన్ను ఎత్తి దాని మీద కూర్చోబెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని కొండపైకి పరుగెత్తాడు. నేను వెనక్కి తిరిగి చూస్తూనే పోయాను. పంచె పైకి కట్టిన మనిషి, బండల మీద చిన్నగా, ఇంకా చిన్నగా.

బస్సు దగ్గర సారు మరో పావుగంట ఆపించాడు. డ్రైవరు హారను కొట్టాడు. ఇద్దరమే ఎక్కాం.

పరీక్ష హాల్లో ఏం రాశానో నాకు తెలియదు. ఒక లెక్క మాత్రం తెలుసు. ఎనిమిది పళ్ల చిన్నచక్రం నలభై పళ్ల పెద్దచక్రాన్ని తిప్పుతోంది, చిన్నది పదిహేను చుట్లు తిరిగితే పెద్దది ఎన్ని చుట్లు తిరుగుతుంది. పళ్లు అన్న మాట చదవగానే కళ్లు చెమ్మగిల్లి అక్షరాలు కనపడలేదు. ఆ లెక్క వదిలేశాను.

పన్నెండు గంటలకు బయటికి వస్తే గేటు అవతల సుగుణ నిలబడి ఉంది. కొత్త గౌను నిండా ఎర్రదుమ్ము, రిబ్బన్లలో ఒకటి ఉంది, ఒకటి లేదు, చేతిలో హాల్‌టికెట్టూ పెన్సిలూ. కొండ దిగి, లారీ పట్టుకుని, పదకొండు దాటాక వచ్చారట. ఆలస్యమైందని గేటు దగ్గర లోపలికి పోనివ్వలేదు. చిన్నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, అరికాళ్ల నుంచి నెత్తురు కారుతోంది. సారు గేటు దగ్గర ఎవరెవరినో బతిమాలి తిరిగొచ్చాడు. సుగుణ ఏడవలేదు. నన్ను చూసి "ఏం అడిగినారు మే?" అంది.

తిరుగు బస్సులో ఆ పిల్ల నా చేత ప్రశ్నలన్నీ ఒకటొకటిగా చెప్పించుకుంది. ఒకటొకటిగా జవాబులు చెప్పింది. పళ్లచక్రాల లెక్క చెప్పగానే ఒక్క నిమిషం కిటికీలోంచి బయటికి చూసి, "మూడు సుట్లు" అంది. ఆ తర్వాత, "నేను రాసుంటే అన్నీ వచ్చుండు గదా" అని, అడిగినట్టు కాదు, లెక్క సరిచూసుకున్నట్టుగా అంది. సారు ముందు సీట్లో తల తిప్పకుండా కూర్చున్నాడు.

నాయన మధ్యాహ్నం బస్సు దిగి, గోనెసంచిలో ముందు ఇరుసు సెట్టు భుజాన వేసుకుని వచ్చాడు. సంగతి విన్నాడు. అవ్వ "నేనే ఇప్పించినా, తీరిన మొక్కు గదా" అంది, ఆమెకు అప్పటికీ తప్పేమిటో తెలియలేదు. నాయన తల్లినీ తమ్ముడినీ దాటుకుని నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "నీకు తెల్సు గదమ్మే" అన్నాడు. భుజం మీది సంచి కింద పెట్టి, "నీదేముండాది లే. లివరుకు కట్టాల్సిన గుడ్డ నీ నోటికి కట్టినా" అన్నాడు. కొట్టి ఉంటే బాగుండేదని ఈనాటికీ అనుకుంటాను.

దేవదానం మేస్త్రి వచ్చి, పగిలిన పళ్లు ఏరిపారేసి, సంచిలోని సెట్టు ముందు ఇరుసుకు బిగించాడు. ముందూ వెనకా నలభైమూడే అయ్యాక ఆ జీపు మరో తొమ్మిదేళ్లు ఎక్కడా ఆగకుండా తిరిగింది. నాకు సీటు వచ్చింది. సుగుణకు మరుసటి ఏడు అవకాశం లేదు. ఏడో తరగతి దాకా మా జీపులోనే వచ్చి, తర్వాత మామిడితోపుల్లోకి పోయింది. ముడుపు సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. జీపు చెడిపోయింది అన్నారు, అంతే.

మొన్న ఆదివారం, రెండు ఇరుసులూ మార్పించాక, మా అమ్మాయి జీపులో నేనూ ఎక్కాను. ఎగవకోనకు ఇప్పుడు తారు రోడ్డు. వంక మీద వంతెన ఉంది, ఒంటిరాయిని పగలగొట్టి కంకర చేశారు, పొద్దున పసుపుపచ్చని బడిబస్సు పైదాకా పోతుంది. దేవదానం లేడు, అవ్వ లేదు, నాయన పోయి ఆరేళ్లు. కొత్త జీపులో చిన్న లివరు లేదు, ఒక మీట ఉంది, నొక్కితే దీపం వెలుగుతుంది. ఆ మలుపు ఉన్న చోటే రోడ్డు పక్కన రేకుల పందిరి కింద సుగుణ బజ్జీలూ టీ అమ్ముతుంది, ఆదివారం జీపుల పిల్లలంతా ఆగేది అక్కడే.

నా సంచిలో ఆ పసుపు గుడ్డ ఉంది. రంగు వెలిసి ఎండుటాకులా అయింది, కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన ఇంకా పోలేదు. ఈసారి చెప్పాలనే తెచ్చాను. బెంచీ మీద పెట్టి, "సుగుణా, ఆ పరీక్ష రోజు" అన్నాను.

"యాడ మర్సిపోతాను మే. పళ్లసక్రాల లెక్క. మూడు," అని నవ్వింది. అప్పుడే పొయ్యి మీద పాలు పొంగాయి. సుగుణ గబుక్కున బెంచీ మీది గుడ్డ అందుకుని, దాంతో గిన్నె పట్టుకుని దించింది. గుడ్డ నిండా పాలు. దాన్ని నాలుగు మడతలు వేసి పొయ్యి పక్కన మేకుకు తగిలించి, "ఏందో సెప్పబోతివే?" అంది.

"ఏం లేదు" అన్నాను.

మా అమ్మాయి హారను కొట్టింది. డబ్బులివ్వబోతే సుగుణ తీసుకోలేదు. జీపెక్కి కూర్చున్నాక వెనక్కి తిరిగి చూశాను. గుడ్డ మేకు మీదే ఉంది. దిగి పోయి అడగలేను, దాన్ని ఏమని అడగను.